వారానికి ఒక్క పీరియడ్ మన పిలకాయల బతుకు కోసం ఇవ్వండి!

తిరువళ్ళూరు, తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట ప్రాంతాల తల్లిదండ్రులారా, అయివార్లారా, టీచరమ్మలారా, ప్లస్ టూ చదివే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా!

2025 డిసెంబరు ఆఖరి వారంలో మన తిరుత్తణి పేరు దేశమంతా టీవీల్లో మోగింది. కొండ మీది కుమారస్వామి వల్ల మోగి ఉంటే సంతోషించేవాళ్ళం. ఉత్తరాది నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన ఒక కూలీకి లోకల్ రైల్లో నలుగురు కుర్రవాళ్ళు కొడవలి చూపించి రీల్ తీశారు. ఆ తరువాత స్టేషన్ దగ్గరే అతన్ని నరికారు. నరకడాన్ని కూడా ఫోన్‌లో తీశారు. ఆ నలుగురికీ వయసు 17 ఏళ్ళు. పోలీసులు పట్టుకున్నారు, కేసు పెట్టారు. ఊళ్ళో మనమంతా గంజాయి అన్నాం, సెల్‌ఫోన్ అన్నాం, సినిమాలన్నాం, పెంపకం అన్నాం. నాలుగు రోజులకు ఆ మాటలూ ఆగిపోయాయి.

అంతకు ఏడాది ముందు, 2024 అక్టోబరులో, తిరుత్తణి పక్క ఊరి కుర్రవాడొకడు చెన్నై ప్రెసిడెన్సీ కాలేజీలో మొదటి సంవత్సరం చేరి, రోజూ రైల్లో పోయి వస్తున్నాడు. సెంట్రల్ స్టేషన్ దగ్గర ఇంకో కాలేజీ విద్యార్థులు అతన్ని కొట్టారు. కొన్ని రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయాడు. కొట్టినవాళ్ళకూ అతనికీ ఆస్తి తగాదా లేదు, పాత పగ లేదు. ఏ రైలు రూట్‌కు ఎవరు 'తల', అంటే నాయకుడు, ఏ కాలేజీ పేరు గట్టిగా అరవాలి, ఇంతే గొడవ. ఒక తల్లి కొడుకును పోగొట్టుకుంది. ఐదుగురు తల్లులు జైలు గేటు దగ్గర నిలబడ్డారు.

2022 జూలైలో తిరుత్తణి తాలూకా బిడ్డ, ప్లస్ టూ చదువుతూ, తిరువళ్ళూరు దగ్గర స్కూల్ హాస్టల్లో ప్రాణం పోగొట్టుకుంది. సి.బి.సి.ఐ.డి. దర్యాప్తు జరిగింది. అదే నెలలో కళ్ళకురిచ్చి జిల్లాలో ఇంకో ప్లస్ టూ బిడ్డ మరణం రాష్ట్రాన్నే కుదిపేసింది. స్కూలు బస్సులు తగలబడ్డాయి.

వీటన్నింటినీ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. కొట్టినవాడూ, దెబ్బ తిన్నవాడూ, లోపలే కుమిలిపోయిన బిడ్డా ఒకటి కారు. కానీ ఇలాంటి ప్రతి కథలోనూ పిలకాయలు ఏదో ఒకటి తేల్చుకోవలసిన గడియ ఒకటి వస్తుంది. కొడవలి తీసిన వాడి పక్కనున్న ముగ్గురిలో ఒక్కడు 'వద్దురా, దిగిపోదాం' అనగలిగిన గడియ అది. ప్లాట్‌ఫారం మీద అరుపులు మొదలైనప్పుడు వెనక్కి తిరిగి నడవగలిగిన గడియ అది. రాత్రి హాస్టల్లో పక్క మంచం మీది పిల్లను లేపి 'నాకు బాగాలేదే' అని చెప్పగలిగిన గడియ అది. ఆ గడియలో ఏం చెయ్యాలో మనం వాళ్ళకు ఎప్పుడైనా నేర్పామా? పన్నెండేళ్ళు బడికి పంపాం. త్రికోణమితి నేర్పించాం, కాంతి వక్రీభవనం నేర్పించాం. కోపం వచ్చినప్పుడు, అవమానం అయినప్పుడు, నలుగురు తోసినప్పుడు, భయం వేసినప్పుడు మనసును ఎలా నిలబెట్టుకోవాలో ఒక్క పీరియడ్ కూడా చెప్పలేదు. అది వయసుతో దానంతట అదే వస్తుందనుకున్నాం.

దానంతట అది రాదు. మెదడులో ముందు వెనక ఆలోచించి ఆగమని చెప్పే భాగం నుదుటి వెనక ఉంటుంది. అది పూర్తిగా పక్వానికి రావడానికి దాదాపు ఇరవై అయిదేళ్ళు పడుతుందని వైద్యులు చెబుతున్నారు. ఉద్రేకం పుట్టించే భాగాలు మాత్రం పద్నాలుగు, పదిహేను ఏళ్ళకే ముందుకు దూకుతాయి. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కారు ఆట పెట్టి చూశారు. ఒంటరిగా ఆడినప్పుడు జాగ్రత్తగా ఉన్న పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు, పక్కన స్నేహితులు కూర్చునేసరికి తెగించి నడిపారు. పెద్దవాళ్ళలో ఆ తేడా దాదాపు లేదు. మన ఊరి సంగతీ ఇంతే. ఇంట్లో అమ్మ చెప్పిన మాట వినే కుర్రవాడు, సాయంత్రం రైల్లో పదిమంది కలిసేసరికి వేరే మనిషవుతాడు. వాడు చెడ్డవాడు కాబట్టి అలా అవుతాడని అనుకోవద్దు. ఆ పదిమంది మధ్య నిలబడి 'నేను రాను' అనే విద్య వాడికి రాలేదు.

ఆ విద్యను నేర్పవచ్చు. లెక్కలు నేర్పినట్టే నేర్పవచ్చు. ఎలాగో చూడండి.

తొమ్మిదో తరగతి. శుక్రవారం మధ్యాహ్నం. అయివారు బోర్డు మీద నీతి వాక్యం రాయలేదు, బల్లలు పక్కకు జరిపించారు. నలుగురు పిలకాయలను లేపి, "మీరు సాయంత్రం తిరువళ్ళూరులో రైలెక్కారు. కడంబత్తూరు దాటింది. మీలో ఒకడు ఫోన్ తీసి, అదిగో ఆ హిందీవాణ్ణి ఆటపట్టిద్దాం, రీల్ తీద్దాం అన్నాడు. ఇప్పుడు ఆడి చూపించండి" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆడారు. ఆయన మధ్యలో ఆపారు. "మురుగా, నువ్వు ఫోన్ పట్టుకున్నావు. లోపల ఏమనిపిస్తోంది?" వాడు తడబడ్డాడు. "ఏం లేదు సార్" అన్నాడు. ఆయన వదలలేదు. గుండె వేగంగా కొట్టుకుంటోందా? చేతులు చెమటపట్టాయా? పట్టుకోనంటే నవ్వుతారని భయమా? వాడు మెల్లగా "అవును సార్, ఎగతాళి చేస్తారు" అన్నాడు. ఆ మాట బయటికి రావడమే సగం పాఠం. తరువాత క్లాసంతా కలిసి వెతికింది. ఇప్పుడు వాడికి ఎన్ని దారులున్నాయి? ఫోన్ జేబులో పెట్టుకోవచ్చు. మణవూరులో దిగిపోవచ్చు. "మా నాయన స్టేషన్లో ఉన్నాడురా, నేను పోవాలి" అని తప్పుకోవచ్చు. పక్క డబ్బాలోకి పోయి రైల్వే పోలీసుకు 139 కొట్టవచ్చు. ఒక్కో దారిలో పోతే రేపు ఏమవుతుంది, నెలకు ఏమవుతుంది? ఒకటి ఎంచుకున్నారు. ఆ దారిలో పోతూ మళ్ళీ ఆడారు. ఈసారి మురుగడు "నేను రాను రా" అని గట్టిగా, తల దించుకోకుండా అన్నాడు. మొదటిసారి ఆ మాట వాడి గొంతులో తడబడింది. మూడోసారికి స్పష్టంగా వచ్చింది.

ఈత పాఠం గట్టు మీద చెబితే రాదు, నీళ్ళలో దిగాలి. పై క్లాసు మేం ఊహించి రాసినదే, కానీ పద్ధతి ఎప్పటి నుంచో ఉన్నదే. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు బడుల్లో మోరిస్ ఎలియాస్ అనే ఆచార్యుడూ ఆయన తోటివారూ నలభై ఏళ్ళకు పైగా ఇలాంటి పాఠాలు నడుపుతున్నారు. ముందు ఊపిరి తీసుకుని శాంతించడం, మనసులో ఉన్నదానికి పేరు పెట్టడం, చిక్కు ఏమిటో చెప్పడం, రెండు మూడు దారులు వెతకడం, ఒక్కోదాని ఫలితం ఊహించడం, ఒకటి పట్టుకోవడం, తరువాత దాన్ని మళ్ళీ చూసుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే జీవన నైపుణ్యాలంటూ పదింటి పట్టిక ఇచ్చింది. అందులో నిర్ణయం తీసుకోవడం, ఎదుటివాడి బాధ అర్థం చేసుకోవడం, ఉద్వేగాన్ని అదుపులో పెట్టుకోవడం ఉన్నాయి.

'మార్కులు తగ్గవా? పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతుంటే ఈ ఆటలేమిటి?' అని అడిగే నాయనలకు, అమ్మలకు నేరుగా జవాబు చెప్పాలి. 2011లో జోసఫ్ డర్లాక్ బృందం ఇలాంటి 213 కార్యక్రమాలను, వాటిలో చదివిన 2,70,034 మంది పిల్లల వివరాలను కలిపి చూసింది. ఆ పాఠాలు నేర్చుకున్న పిల్లల చదువు తగ్గలేదు, పెరిగింది. నూరు మందిలో నడిమి స్థానంలో ఉన్న పిల్ల పదకొండు మందిని దాటి ముందుకు వచ్చినంత పెరిగింది. రాత్రంతా ఏడ్చి తెల్లారి పుస్తకం తెరిచిన బిడ్డకు ఏం ఎక్కుతుందో మనకు తెలియదా? 2015లో పది ఐరోపా దేశాల్లో 168 బడుల్లో పరీక్షించి చూస్తే, పిల్లలతో నేరుగా మాట్లాడించి, ఆడించి నడిపిన పాఠాలు ఏడాదిలో ఆత్మహత్యా ప్రయత్నాలను దాదాపు సగానికి తగ్గించాయి.

అది దూర దేశం అంటారా? బీహార్‌లో నలంద జిల్లాకు రండి. అక్కడ 74 ప్రభుత్వ హైస్కూళ్ళలో జరిపిన పరిశోధన 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొన్ని బడుల్లో ఇదే పని కోసం ఒక మనిషిని పెట్టారు. పెద్ద డాక్టరు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు కౌన్సిలరు. ఆ బడుల్లో పిల్లల దిగులు, ఏడిపించడం, కొట్టుకోవడం తగ్గాయి, బడి వాతావరణం మెరుగైంది. ఇంకొన్ని బడుల్లో ఉన్న టీచర్ల మీదే ఈ పని వేశారు. అక్కడ పెద్దగా మార్పు రాలేదు. ఈ సంగతిని మనం గట్టిగా పట్టుకోవాలి. ఎన్నికల డ్యూటీ, జనాభా లెక్కలు, ఆన్‌లైన్ నమోదులు, ఉచిత పథకాల పంపిణీ అన్నీ మోస్తున్న అయివారి నెత్తిన ఇంకో బరువు పెట్టి 'నేర్పండి' అనడం మోసం. పాఠానికి పీరియడ్ కావాలి, మనిషి కావాలి, శిక్షణ కావాలి. ఈ మూడూ అడుగుదాం.

అడగడానికి మనకు హక్కు ఉంది. అది మన తెలుగు నేల నుంచే వచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023 జూలైలో 17 ఏళ్ళ బిడ్డ చనిపోయింది. ఆ తండ్రి సుప్రీం కోర్టు దాకా పోయాడు. 2025 జూలై 25న న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతా తీర్పు ఇస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ పదిహేను మార్గదర్శకాలు పెట్టారు. చట్టం వచ్చేదాకా అవి చట్టంతో సమానం. నూరు మంది, అంతకు మించి పిల్లలున్న చోట అర్హత గల కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. చిన్న బడి అయితే బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు తరగతుల్లో, హాస్టళ్ళలో పెద్ద అక్షరాలతో కనిపించాలి. మార్కులను బట్టి పిల్లలను విడదీయకూడదు, పదిమందిలో అవమానించకూడదు. ఉద్వేగాలను అదుపు చేసుకోవడం, జీవన నైపుణ్యాలు పిల్లలకు నేర్పాలి. ఇవన్నీ జరుగుతున్నాయో లేదో చూడడానికి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన కమిటీ ఉండాలి. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది, అందులో పరీక్ష తప్పి పోయినవారు 2,248 మంది అన్న లెక్కలు కూడా ఆ తీర్పులోనే ఉన్నాయి.

మన రాష్ట్రంలోనూ మాట ఉంది. నాంగునేరిలో 2023లో దళిత విద్యార్థి మీద తోటి విద్యార్థులే కొడవళ్ళతో పడిన తరువాత ప్రభుత్వం జస్టిస్ చంద్రు కమిటీ వేసింది. 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ఆయన ఆరు నుంచి పన్నెండు దాకా వారానికి ఒక పీరియడ్ 'అఱనెఱి', అంటే నీతి పాఠం పెట్టమన్నారు. మంచి మాట. అయితే ఆ పీరియడ్‌లో పాత పద్యం వల్లె వేయించి వదిలేస్తే ఏమీ రాదు. తోటివాడిని కులం పేరుతో పిలిచినప్పుడు పక్కన కూర్చున్న పిల్ల ఏం అనాలి, ఏం చెయ్యాలి అన్నది నోటితో అనిపించి, చేసి చూపించి నేర్పితేనే ఆ పీరియడ్‌కు అర్థం. కేంద్రం 2020లో పెట్టిన స్కూల్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కార్యక్రమంలో కూడా ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇచ్చి వారానికి ఒక గంట నడపాలని ఉంది. మీ బడిలో ఆ ఇద్దరు ఎవరో ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి.

ఇక్కడ మన ప్రాంతానికే చెందిన సంగతి ఒకటి ఉంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లా. పటాస్కర్ తీర్పు ప్రకారం ఆ రోజున మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇప్పుడు మన పిలకాయలు ఎక్కువగా తమిళంలో చదువుతున్నారు, మనకు సంతోషమే. కానీ ఇంట్లో అలిగేదీ, ఏడ్చేదీ, అమ్మ దగ్గర గారాలు పోయేదీ తెలుగులో. పొదటూరుపేటలో మరమగ్గం నేసే ఇంటి పిల్ల తన గుండె లోపలి బాధను తమిళ పాఠ్య భాషలో కౌన్సిలరుకు ఎలా చెప్పుకుంటుంది? పళ్ళిపట్టు, ఆర్.కె.పేట, తిరుత్తణి బడులకు వేసే కౌన్సిలరుకు తెలుగు కూడా రావాలని మనం అడగాలి. తెలుగువాళ్ళ కోసమే అడిగి ఊరుకోకూడదు. తిరువళ్ళూరు జిల్లా ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలున్నాయి, ఊరి అంచున ఇరులర్ బిడ్డలున్నారు. ఆ పిల్లలు కూడా అదే క్లాసులో కూర్చుని, మన పిల్లలతో కలిసి ఆ పాఠం ఆడాలి. ఒకసారి తన పక్కన కూర్చుని నవ్విన ఒడియా కుర్రవాడి పేరు తెలిసిన పిల్లవాడు రైల్లో 'హిందీవాడు' అని కొడవలి ఎత్తడు. మేం ఇది నమ్ముతున్నాం.

కాబట్టి ఈ నెలలోనే మీ బడి మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశానికి రండి. విద్యా హక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్ళు. సంతకం పెట్టి టీ తాగి వచ్చే కమిటీ కాదది. మూడే మాటలు తీర్మానంలో రాయించండి: వారానికి ఒక పీరియడ్, దానికి శిక్షణ పొందిన ఒక మనిషి, గోడ మీద హెల్ప్‌లైన్ నంబర్లు. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 గ్రామసభల్లో ఇదే తీర్మానం పెట్టించండి. రసీదు తీసుకోండి. కలెక్టరు ఆఫీసులో సోమవారం అర్జీల రోజున ఆ నకలు ఇచ్చి, జిల్లా కమిటీ వేశారా అని అడగండి. ప్రైవేటు స్కూల్లో ఫీజు కట్టేవాళ్ళు, ఫీజు కౌంటరు దగ్గరే 'మీ కౌన్సిలరు ఎవరు, ఏ రోజు వస్తారు' అని అడగండి. నూరు మంది అడిగితే నూటొకటో వాడికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఇంట్లో చెయ్యవలసింది ఇంకా ముఖ్యం, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మార్కుల కాగితం వచ్చిన రోజున మొదటి మాటగా మార్కు అడగవద్దు. "ఎట్లుంది నాయనా" అనండి. పక్కింటి పిల్లతో పోల్చవద్దు. కొట్టవద్దు. బడిలో కొడితే, తిడితే ఊరుకోవద్దు. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. మగపిల్లవాడు ఏడిస్తే 'ఆడదానిలా ఏడుస్తావేంరా' అనే మాటను ఈ రోజుతో మానేయండి. ఏడవడం చేతకాని కుర్రవాడే కొట్టడం నేర్చుకుంటాడు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఈ కాగితంలో మీకు కూడా మాట ఉంది. మీ స్నేహితుడు మాట్లాడడం మానేశాడా, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెడుతున్నాడా, 'నేను లేకపోతే మంచిది' అన్నాడా, నవ్వి వదిలేయకండి. ఒంటరిగా వదలకండి. నమ్మకమైన పెద్దవాళ్ళకు చెప్పండి. చాడీ అవుతుందని భయపడకండి. 14416 టెలిమానస్‌కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల సహాయానికి 1098. బడి సంగతులకు విద్యాశాఖ నంబరు 14417.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న పుట్టింది మన తిరుత్తణిలోనే. 1962 నుంచి ఆ రోజును దేశమంతా గురుపూజ రోజుగా జరుపుకుంటోంది. 1921లో ఆయన మైసూరు వదిలి కలకత్తా పోతుంటే విద్యార్థులు గుర్రాలను విప్పేసి, ఆయన బండిని తామే లాగుతూ రైల్వే స్టేషన్‌కు తీసుకుపోయారు. అలాంటి మనిషి పుట్టిన ఊరి స్టేషన్ దగ్గర మన పిల్లలు కొడవళ్ళు పట్టారు. ఈ సిగ్గు మనందరిదీ, దీన్ని కడుక్కునే పనీ మనందరిదీ. ఈసారి సెప్టెంబరు 5కి ఆయన పటానికి దండ వేసి, మిఠాయి పంచి ఊరుకోవద్దు. ఆ రోజు లోపల మన ప్రాంతాల్లో ప్రతి హైస్కూలు టైమ్‌టేబుల్‌లో ఆ పీరియడ్ ఎక్కాలి. ఎక్కని బడి గేటు ముందు ఆ రోజు మనం నిలబడాలి, శాంతంగా, పిలకాయలను వెంటబెట్టుకుని.

ఈ కాగితం చదివి పారేయకండి. బడికి పోయే బిడ్డ ఉన్న ఇంకో ఇంటికి ఇవ్వండి. కమిటీ సమావేశానికి మీరు రండి, పక్కింటి అక్కను కూడా తీసుకురండి.

ఇట్లు,
తిరువళ్ళూరు, తిరుత్తణి తాలూకాల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కొందరు